నకలు ఇవ్వని పలక

"అదే సింక్ అయిపోతాది సార్, మీరేం చేసే పన్లేదు."

తిరుపతిలో ఈ మాట నాతో అనని మనిషి దొరకడం కష్టం. డిజిటల్ పలక అమ్మిన దుకాణం కుర్రాడు అన్నాడు. నేను దిద్దే పుస్తకాలు కంపోజ్ చేసే డీటీపీ మిత్రుడు అన్నాడు. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడైతే నా చేతిలో యూఎస్‌బీ తీగ చూసి, "ఏం మామా, ఇంకా ఈ తాడు వదల్లేదా?" అని నవ్వాడు. పత్రికల్లో టెక్నాలజీ పేజీ రాసేవాళ్లు ఇదే మాటను కొంచెం ఇస్త్రీ చేసి రాస్తారు. ఫైళ్లన్నీ క్లౌడ్‌లో భద్రంగా ఉంటాయట. తీగతో ఎక్కించుకోవడం పాత కాలపు అలవాటట. ఎక్కడైనా తేడా వస్తే సెట్టింగులు సరిగా పెట్టుకోకపోవడమే కారణమట.

క్లౌడ్‌లో ఉంటాయన్నది సగం నిజం. తీగ పాతబడిందన్నది అబద్ధం. సెట్టింగుల మాట అబద్ధం కూడా కాదు, డబ్బు పెట్టి కొన్నవాడిని పట్టుకుని చేతకానివాడా అని తిట్టడం.

డిజిటల్ పలక చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. పది అంగుళాలో పదమూడు అంగుళాలో ఉండే పలుచటి బల్ల అది. ఫోన్ తెరకు లాగా దీని వెనక దీపం వెలగదు. నల్లటి, తెల్లటి రేణువులు కరెంటు తగిలినప్పుడు పైకీ కిందికీ జరిగి అక్షరాలుగా నిలుస్తాయి, నిలిచాక వాటికి కరెంటు అక్కర్లేదు. అందుకే కళ్లు మండవు, ఒకసారి ఛార్జింగ్ పెడితే రోజుల తరబడి వస్తుంది. దాంతో వచ్చే కలంతో పీడీఎఫ్ పేజీ మీదే రాసుకోవచ్చు. నాలాగా ప్రూఫులు దిద్దేవాళ్లకు, పాత పుస్తకాల స్కానులు చదివే పరిశోధక విద్యార్థులకు, కేసు కట్టలు మోసే చిత్తూరు కోర్టు వకీళ్లకు ఇంతకంటే మంచి వస్తువు ఈ ఇరవై ఏళ్లలో రాలేదని నా నమ్మకం. పలక మీద నాకు కోపం లేదు. పలకలోకి ఒక పేజీ ఎక్కించడానికీ, దిద్దిన పేజీ బయటికి తెచ్చుకోవడానికీ పడే అవస్థ మీదే కోపం. ఆ అవస్థను సౌకర్యమని పిలిచేవాళ్ల మీద ఇంకా ఎక్కువ కోపం.

నిరుడు వేసవిలో వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో కాచిగూడ వెళుతూ 212 పేజీల ప్రూఫు చేతికి తీసుకున్నాను. రేణిగుంట దాటాక మొదలుపెట్టి కడప వచ్చేదాకా దిద్దాను, మిగతాది హైదరాబాదులో రెండు రోజులు కూర్చుని ముగించాను. బ్యాటరీ ఆదా కోసం వైఫై ఆపి ఉంచాను. అలా ఆపమని పలకతో వచ్చిన చిన్న పుస్తకంలోనే ఉంది. ఈలోగా తిరుపతిలో డీటీపీ మిత్రుడు లోపలి పేజీలో ఒక ఫోన్ నంబరు తప్పు పడిందని సరిచేసి, అదే పేరుతో పీడీఎఫ్ తీసి, అదే ఫోల్డర్లో పెట్టాడు. నేను ఇంటికొచ్చి వైఫై ఆన్ చేశాను. తెర మూల చిన్న చక్రం తిరిగింది. మూడు రోజుల దిద్దుబాట్లు పోయి, సరైన ఫోన్ నంబరున్న ఫైలు వచ్చి కూర్చుంది. కింద ఒకే వాక్యం: సింక్ విజయవంతమైంది.

ఆ కంపెనీ పేరుతో ఇక్కడ పని లేదు. సహాయ కేంద్రానికి రాస్తే, కొత్త ఫైలు పాతదాని స్థానంలోకి రావడం యంత్రం సరిగా పనిచేస్తోందనడానికి గుర్తు అని జవాబు ఇచ్చారు. వాళ్లు చెప్పింది నిజమే. నా ఫిర్యాదు కూడా అదే.

మన ఊళ్లలో సెంటు భూమి కొన్నవాడికైనా నకలు అంటే ఏమిటో తెలుసు. దస్తావేజు రిజిస్టరయ్యాక అసలు మన చేతికిస్తారు, దాని నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉండిపోతుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం స్థిరాస్తి దస్తావేజుల కోసం ఒకటో పుస్తకమని విడిగా పెట్టించింది. నా బీరువాలోని కాగితాన్ని చెదలు తిన్నా ఆఫీసు పుస్తకంలో ఒక్క అక్షరం చెరగదు. బుద్ధి గడ్డితిని నేనే చించినా చెరగదు. రెండింటికీ మధ్య తాడు లేదు కాబట్టే ఒకటి పోయినప్పుడు రెండోది సాక్ష్యం చెబుతుంది. ఇప్పుడు ఆ ఆఫీసులో సింక్ పెట్టారనుకోండి. ఇక్కడ నా దస్తావేజు చినిగిన మరుక్షణం అక్కడ పుస్తకంలో పేజీ చినుగుతుంది. రెండు చోట్లా ఒకేలా ఉండటమే కదా సింక్ అంటే! దీనికి ఏ రైతు ఒప్పుకుంటాడు? పెనుమూరులోనో పుంగనూరులోనో చెట్టు కింద కూర్చున్న దస్తావేజు లేఖరిని అడగండి, మీ మొహం చూసి నవ్వుతాడు. భూమికి ఒప్పుకోని ఏర్పాటును చదువుకు ఎందుకు ఒప్పుకోవాలి?

ఇక్కడ మేనల్లుడు ఒక మంచి ప్రశ్నే వేశాడు. "ఫోన్లో ఫోటోలు రోజూ సింక్ అవుతా ఉండాయి గదా మామా, అవెప్పుడైనా పోయినాయా?" చెరిపితే తప్ప పోలేదు, నిజమే. కారణం సింక్ గొప్పతనం కాదు, ఫోటో స్వభావం. ఫోటో ఒకసారి తీస్తాం, దాన్ని రెండు చోట్ల ఒకేసారి దిద్దం. తీసిన ఫోటో తీసినట్టే పైకి వెళుతుంది. ప్రూఫు అలా కాదు. పలక మీద నేను దిద్దుతుంటాను, కంప్యూటర్లో మరొకరు మారుస్తుంటారు. అసలు పని అదే. రెండు చోట్లా మారిన పీడీఎఫ్‌లో ఎవరి మార్పు ఉంచాలో యంత్రానికి తెలియదు. కొంచెం మర్యాదగల సేవలు రెండింటినీ ఉంచి ఒకదాని పేరు చివర వివాదపు ప్రతి అని తగిలిస్తాయి. మర్యాద లేనివి గడియారం చూసి, ఆలస్యంగా వచ్చినదే నిజమని తేలుస్తాయి. పంచాయితీలో చివరికి మాట్లాడినవాడిదే గెలుపు అన్నట్టు.

పైగా ఈ పలకల విషయంలో గొడవ పుట్టుకలోనే ఉంది. బ్యాటరీ రోజుల తరబడి రావాలంటే పలక ఎక్కువసేపు నిద్రపోవాలి, వైఫై ఆగిపోవాలి. సింక్ సరిగా జరగాలంటే పలక మేలుకునే ఉండాలి. ఏ సుగుణం చెప్పి వస్తువును అమ్ముతున్నారో, దానికీ సింక్‌కూ పడదు. పలక ఎంతసేపు నిద్రపోతే రెండు ప్రతులూ అంతగా విడిపోతాయి, లేచిన క్షణంలో ఢీకొంటాయి. ఇది ఏ సెట్టింగుతోనూ తీరేది కాదు. తీరుతుందని చెప్పేవాళ్లు అమ్మేవాళ్లు, లేదా కొన్నవాళ్లలో ఇంకా రెండో వారం దాటనివాళ్లు.

కంపెనీల చరిత్ర కొంచెం చూడండి. సోనీ 2013లో జపానులో 13.3 అంగుళాల డిజిటల్ పేపరును విడుదల చేసింది. మరుసటి ఏడు అమెరికాలో దాని ధర 1,100 డాలర్లు. ఖరీదు ఎక్కువే గాని, పక్కన మెమరీ కార్డు పెట్టుకునే గుంట ఉండేది. కార్డు తీసి కంప్యూటర్లో పెడితే పని అయిపోయేది. 2017లో దాని తర్వాతి తరం వచ్చింది. 349 గ్రాముల బరువు, చక్కటి తెర. కార్డు గుంట మాత్రం తీసేశారు. తీగ పెడితే పెన్‌డ్రైవ్‌లా తెరుచుకోదు. సోనీ వాళ్ల సొంత ప్రోగ్రాము ఉండాలి, అది విండోస్‌కూ మ్యాక్‌కూ మాత్రమే. లైనక్స్ వాడేవాళ్లను గాలికి వదిలేశారు. వాళ్లు ఊరుకోలేదు. ఆ పలక కంప్యూటరుతో ఏం మాట్లాడుతోందో చెవి పెట్టి విని, సొంతంగా ఒక ప్రోగ్రాము రాసి ఉచితంగా పంచుకున్నారు. డబ్బు పుచ్చుకున్నవాడు చేయని పనిని డబ్బు పెట్టినవాడు చేసుకున్నాడన్నమాట. ఇంతకీ ఆ పలకలో ఒక మంచి గుణం ఉంది. కలంతో రాసింది పీడీఎఫ్ లోపలే, ఏ ప్రోగ్రాములోనైనా కనిపించే పద్ధతిలో భద్రమయ్యేది.

నార్వేవాళ్ల రీమార్కబుల్ దీనికి సరిగ్గా తిరగేసిన కథ. అక్కడ తలుపు ఉంది. తీగ పెట్టి బ్రౌజర్లో 10.11.99.1 అని కొడితే ఒక పేజీ తెరుచుకుంటుంది, దాన్లోంచి పీడీఎఫ్‌లు ఎక్కించుకోవచ్చు, దించుకోవచ్చు. ఇంకా లోపలికి వెళ్లే దారి కూడా మూయలేదు. అయితే లోపల చూస్తే మన పుస్తకం పేరు ఎక్కడా కనిపించదు. ప్రతిదానికీ అంకెలూ అక్షరాలూ కలిపిన పొడుగాటి గుర్తు, మనం రాసిన గీతలు వాళ్ల సొంత రూపంలో విడి ఫైళ్లుగా. ఒకరి ఇంట్లో బియ్యం ఉంది, తలుపు లేదు. ఇంకొకరి ఇంటికి తలుపు ఉంది, లోపల ఉన్నవి దంచని వడ్లు. 2021 అక్టోబరులో ఆ కంపెనీ నెల చందా పెట్టింది. పూర్తి చందా అప్పట్లో 7.99 డాలర్లు, చందా కట్టనివాళ్లకు 50 రోజులుగా తెరవని ఫైళ్ల సింక్ ఆగిపోతుందన్నారు. తర్వాత ధర తగ్గించారనుకోండి. నా అభ్యంతరం ధర మీద కాదు. ఫైళ్లన్నీ క్లౌడ్‌లో ఉంటాయన్న మాటకు అడుగున ఇన్ని షరతులుంటే, ఆ మాట చెప్పేటప్పుడు షరతులు కూడా చెప్పాలి కదా. బ్యాంకు లాకరు అద్దె కట్టకపోతే ఏమవుతుందో మనకు తెలుసు, ఎందుకంటే దాన్ని లాకరనే పిలుస్తారు. ఆకాశంలో మేఘమని ఎవరూ పిలవరు.

ఇంతవరకూ చెప్పింది ప్రపంచంలో ఎవరికైనా వచ్చే కష్టం. తెలుగువాడికి వచ్చే కష్టం వేరే ఉంది. దాని గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు గనుక కొంచెం నింపాదిగా చెబుతాను.

నేను దిద్దుతున్న ప్రూఫుల్లో ఒక ఫైలు పేరు "కైఫియత్తులు". కర్నల్ కాలిన్ మెకంజీ ఊరూరా రాయించిన స్థానిక చరిత్రల మీద పుస్తకం. డీటీపీ మిత్రుడి దగ్గర పాత మ్యాక్ ఉంది, నా దగ్గర లైనక్స్. ఆయన పంపిన ఫోల్డరు నా కంప్యూటరుతో కలిసినప్పుడల్లా అదే పేరుతో రెండు ఫైళ్లు కనిపించేవి. అక్షరం అక్షరం పోల్చి చూశాను, తేడా లేదు. నా కళ్లు ప్రూఫులు దిద్దే కళ్లు, అరసున్నా కూడా తప్పించుకోదు. అయినా కంప్యూటరు రెండూ వేరు వేరని పట్టుబట్టింది.

దొంగ ఎక్కడ ఉన్నాడో తెలియడానికి వారం పట్టింది. ఐత్వంలో ఉన్నాడు. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయవచ్చు. "ై" అని ఒకే గుర్తుగా పెట్టవచ్చు, లేదా ఎత్వం పెట్టి కింద ఐత్వపు కొక్కెం విడిగా తగిలించవచ్చు. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మనం కీబోర్డు మీద కొట్టేది మొదటి రకం. ఆపిల్ పాత ఫైలు వ్యవస్థ మాత్రం పేర్లన్నింటినీ విడగొట్టి రెండో రకంగా దాచుకునేది. 2017లో వచ్చిన కొత్త వ్యవస్థలో ఆ అలవాటు మానుకుంది గాని, పాత డిస్కులూ పాత ఫోల్డర్లూ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. సింక్ ప్రోగ్రాము తెలివిగలదైతే రెండూ ఒకటేనని గుర్తిస్తుంది. కాకపోతే ఒకదాన్ని కొత్త ఫైలనుకుని ఎక్కిస్తుంది, రెండోది మాయమైందనుకుని చెరిపేస్తుంది. మన గుణింతం మొత్తంలో ఇలా రెండుగా విడిపోయేది ఈ ఒక్క ఐత్వమే. చిత్తూరు జిల్లాకు రెండు పక్కలా ఉన్న తమిళంలోనూ కన్నడంలోనూ ఇలాంటివి ఇంకా ఎక్కువ, కాబట్టి పలమనేరు దాటి కోలారు వెళ్లినా, నగరి దాటి తిరుత్తణి వెళ్లినా ఈ బాధ తప్పదు. వైకుంఠం, శైలి, కైలాసం, పైడి: వీటిలో ఏ పేరు పెట్టినా ఫైలు రెండు కావచ్చు. దీనికి నేను ఏ సెట్టింగు సరిచేసుకోవాలి? వర్ణమాలలోంచి ఐకారాన్ని తీసేయాలా?

రెండో బాధ పొడుగుది. లైనక్స్‌లోనూ, దాని మీద నడిచే ఆండ్రాయిడ్ పలకల్లోనూ ఫైలు పేరుకు 255 బైట్ల హద్దు ఉంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, కాబట్టి 255 అక్షరాలు పడతాయి. తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు. అక్షరానికి కాదు, గుర్తుకు. శ్రీ అనే ఒక్క అక్షరంలో శకారం, పొల్లు, రేఫ, ఈత్వం అని నాలుగు గుర్తులున్నాయి, అంటే 12 బైట్లు. "శ్రీవేంకటేశ్వర" అన్న పేరుకు 42. ఆ పేరు ఆరుసార్లు వరసగా రాస్తే, చివర పీడీఎఫ్ అనే తోక తగిలించడానికి చోటుండదు. విండోస్‌లో ఈ హద్దు వేరే పద్ధతిలో ఉంటుంది, అక్కడ తెలుగు గుర్తులు కూడా 255 పడతాయి. అందువల్ల విండోస్ హాయిగా ఒప్పుకున్న పేరు పలకలోకి ఎక్కదు. ఎందుకు ఎక్కలేదో చెప్పాలన్న బాధ్యత కూడా పలకకు ఉండదు, చక్రం తిరుగుతూ ఉంటుంది. మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాల శీర్షికలు ఎంత పొడుగుంటాయో తెలిసినవాళ్లకు ఈ బాధ అర్థమవుతుంది.

ఫలితం ఏమిటంటే, జీవితమంతా తెలుగు అచ్చుతప్పులు దిద్దిన నేను ఇప్పుడు ఫైళ్లకు ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు పెడుతున్నాను. మేనల్లుడు చెప్పే సౌకర్యానికి నేను కట్టిన చందా ఇది.

దుకాణంలో కొన్న పుస్తకమైతే ఈ బాధలు ఉండవంటారు. నిజమే, కంపెనీ దుకాణంలో కొన్న పుస్తకాలు చక్కగా అన్ని చోట్లా కనిపిస్తాయి. కానీ మనకు ఆ దుకాణమే లేదే! 2016 డిసెంబరులో అమెజాన్ తన కిండిల్ దుకాణంలో భారతీయ భాషలు చేర్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి. తెలుగు రాలేదు. కాబట్టి తెలుగు చదువరికి పలక మీద చదవడమంటే చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్ చదవడమే. బయటినుంచి తెచ్చి తనే ఎక్కించుకునే ఫైలు. ఏ దారిని కంపెనీలు పాత అలవాటని మూసేస్తున్నాయో, మనకున్నది ఆ ఒక్క దారే. పోనీ దుకాణంలో కొన్నవాళ్లైనా సుఖంగా ఉన్నారా అంటే అదీ లేదు. 2009 జులైలో అమెజాన్ తన దుకాణంలో హక్కులు లేకుండా అమ్ముడైన ఆర్వెల్ నవల 1984ను కొన్నవాళ్ల కిండిల్‌లోంచి దూరంనుంచే తుడిచేసింది. డబ్బు వాపసు ఇచ్చిందనుకోండి. అమెరికాలో ఒక విద్యార్థి ఆ పుస్తకం మీద నోట్సు రాసుకుని ఉన్నాడు. నోట్సు మిగిలింది, అది ఏ వాక్యానికి రాసిందో చెప్పే పుస్తకం పోయింది. అది కూడా విజయవంతమైన సింకే. 2025 ఫిబ్రవరి 26న అదే కంపెనీ, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్లోకి దించుకుని తీగతో ఎక్కించుకునే సదుపాయాన్ని తీసేసింది.

మా ప్రాంతంవాళ్లకు ఇలాంటి పాఠం ఇంతకుముందే ఒకటి అయింది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి కృత్రిమ మేధలో చేసిన పనికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. పది లక్షల పుస్తకాలు స్కాన్ చేసి ప్రపంచానికి ఉచితంగా పెట్టాలన్న ప్రాజెక్టు ఆయన పూనికతో మొదలైంది. మన దేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అయింది, తిరుపతిలో దేవస్థానం కూడా స్కానింగు కేంద్రాల్లో ఒకటిగా పనిచేసింది. ఆ పని చేసినవాళ్లకు తెలుగు చదువరులందరూ రుణపడి ఉన్నారు, నేను మరీ ఎక్కువ. కానీ ఆ వెబ్‌సైటులో పుస్తకం చదవడం ఎలా ఉండేదో గుర్తుందా? పుస్తకం మొత్తం ఒక ఫైలుగా ఇచ్చేవాళ్లు కాదు. ఒక్కో పేజీ ఒక్కో బొమ్మ, అది తెరవడానికి వేరే ప్లగిన్, పేజీ తిప్పినప్పుడల్లా మళ్లీ నిరీక్షణ. అక్కడే ఉంది కదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు కదా అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు. ఓపిక నశించిన చదువరులు ఆ పేజీలన్నీ లాగి ఒకే పీడీఎఫ్‌గా కుట్టే చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకున్నారు. నా పాత హార్డ్ డిస్కులో ఆ కుట్టుపని పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి.

2017లో కాపీరైటు ప్రశ్నల మధ్య ఆ వెబ్‌సైటు మూతబడింది. అక్కడే ఉంటుందనుకున్నవి అక్కడ లేకుండా పోయాయి. అప్పటికే అమెరికాలో పబ్లిక్ రిసోర్స్ సంస్థ నడిపే కార్ల్ మలముద్ నాలుగు లక్షలకు పైగా పుస్తకాలకు నకళ్లు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టి ఉన్నారు. ఈరోజు పాత తెలుగు పుస్తకం కావాలంటే మనమందరం వెళ్లేది అక్కడికే. అక్కడ సింక్ పెట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఇక్కడ మూతబడిన రోజే అక్కడా మూతబడేది.

ఈ వాదన వినగానే తిరుపతిలో ఎవరో ఒకరు అన్నమయ్యను తెస్తారు. తాళ్లపాకవారి రాగిరేకులు ఆనాటి క్లౌడ్ అని సభల్లో చెప్పగా విన్నాను, చప్పట్లు కూడా పడ్డాయి. పోలిక తిరగబడుతుందని చెప్పినవాళ్లకు తోచినట్టు లేదు. 32 వేల సంకీర్తనలు చెప్పాడని సంప్రదాయం. మనకు దొరికినవి 12 వేల పైచిలుకు. మిగతావి ఎలా పోయాయో నేను తేల్చబోను. ఒక్కచోట దాచింది, అది సాక్షాత్తు స్వామి గుడిలోని భాండాగారమే అయినా, ఒక్కచోట దాచిందే అంటాను. నాకు నచ్చే పోలిక రాగిరేకులతో కాదు, సీపీ బ్రౌన్‌తో. మెకంజీ 1821లో పోయాక కైఫియత్తుల కాగితాలు పురుగు పడుతుంటే, బ్రౌన్ రాతగాళ్లను పెట్టి వాటికి నకళ్లు రాయించాడు. లోకల్ రికార్డ్స్ అని ఇవాళ పరిశోధకులు తిరగేసే సంపుటాలు అవే. నకలు రాసినవాడు తప్పులు చేసి ఉంటాడు, పంక్తులు దాటి ఉంటాడు. అయినా అసలు చిరిగినా నకలు చిరగలేదు.

ఎదుటివాళ్ల వాదనలో గట్టిది ఒకటుంది, దాన్ని దాటేయడం మర్యాద కాదు. 2021 నవంబరులో తిరుపతిని వరద ముంచినప్పుడు ఎన్ని ఇళ్లలో బీరువాలు, పుస్తకాలు, కంప్యూటర్లు నీళ్లలో తేలాయో మనం చూశాం. పలకా, కంప్యూటరూ, పెన్‌డ్రైవూ ఒకే గదిలో పెట్టుకున్నవాడికి మూడు నకళ్లున్నా ఒక్కటీ లేనట్టే. క్లౌడ్‌లో పెట్టుకున్నవాడి ఫైళ్లు తడవలేదు. తీగ, తీగ అని వాదించే నాలాంటివాళ్లలో నెలకోసారైనా నకలు తీసేవాళ్లు ఎంతమంది అని అడిగితే నా దగ్గర గొప్ప జవాబు లేదు. మొన్న సంక్రాంతికి తీసిన నకలే నా దగ్గర చివరిది.

కాబట్టి దూరంగా ఒక ప్రతి ఉండాల్సిందే. ఉండొద్దని నేను అనడం లేదు. ఆ దూరపు ప్రతి నా ప్రతితో కలిసి చచ్చేదిగా ఉండకూడదంటున్నాను. నిన్నటి ప్రతి నిన్నటిగా, మొన్నటిది మొన్నటిగా విడివిడిగా నిలిచి ఉంటే అది నకలు. నేను చెరిపిన మరుక్షణం తానూ చెరిపేసుకుంటే, వరద నుంచి కాపాడుతుందేమో గాని నా నుంచి, నా డీటీపీ మిత్రుడి నుంచి, ఆఖరికి కంపెనీ నుంచి కాపాడదు. ఇరవై ఏళ్లలో నా ఫైళ్లు పోయిన సందర్భాలు లెక్కేస్తే నీళ్ల వల్ల పోయింది ఒక్కటీ లేదు. అన్నీ మనుషుల చేతుల మీదుగానే పోయాయి.

తీగతో తెరిస్తే దొంగలకు దారి అవుతుందని, భద్రత కోసమే మూశామని ఇంకొక మాట చెబుతారు. తాళం వేయమనే నేనూ అంటాను. తాళం వేసినవాడు చెవి ఇంటాయనకు ఇస్తాడు. తలుపు ఉన్నచోట గోడ కట్టి, భద్రత అంటే ఎలా?

ఇప్పుడు నేను ఒక కొత్త పద్ధతిలో దిద్దుతున్నాను. డీటీపీ మిత్రుడు పంపిన ప్రతి ఫైలు పేరు చివరా తేదీ ఉండాలని షరతు పెట్టాను. ఒకే పేరుతో రెండోసారి పంపితే తెరవను. దిద్దిన ప్రతిని పెన్‌డ్రైవ్‌లో వేసి గాంధీ రోడ్డు దాటి నడిచి వెళ్లి ఇచ్చి వస్తాను. ఆయన మొదట్లో, "ఏంది సార్ ఈ ఛాదస్తం" అని విసుక్కున్నాడు. కిందటి నెల ఆయన షేర్డ్ ఫోల్డర్లో ఎవరో అప్రెంటిస్ కుర్రాడు డిస్కు నిండిందని ఒక పుస్తకం మొత్తం చెరిపితే, అన్ని కంప్యూటర్లలోనూ ఒకేసారి చెరిగింది. నా పెన్‌డ్రైవ్ కోసం మా ఇంటికి వచ్చాడు. అప్పట్నించీ ఛాదస్తం మాట ఎత్తలేదు.

పోయిన వారం పాత పలక బ్యాటరీ ఉబ్బిందని కొత్తది చూడటానికి అదే దుకాణానికి వెళ్లాను. అదే కుర్రాడు. తెర ఎంత వేగంగా మారుతుందో, కలం ఎంత సన్నగా రాస్తుందో అన్నీ చూపించాడు. నిజంగా బాగుంది. అన్నీ విన్నాక ఒక్కటే అడిగాను, దీన్ని తీగతో నీ కంప్యూటరుకు పెట్టి నా పీడీఎఫ్ ఒకటి బయటికి తీసి చూపించు నాయనా అని. కుర్రాడు తీగ పెట్టాడు. కంప్యూటరు టింగుమంది. ఇద్దరం తెర వైపు చూస్తూ నిలబడ్డాం. ఏ ఫోల్డరూ తెరుచుకోలేదు. తీగ ఊడదీసి, ఇంకో పక్క పెట్టి చూశాడు. పలక మూల చిన్న మెరుపు గుర్తు వెలిగింది.

"ఛార్జింగ్ ఎక్కతా ఉంది గదా సార్" అన్నాడు.